ఎనభై అయిదు, బ్యాచ్ బి

మస్కట్‌లోని తెలుగువాళ్ళు సూర్యప్రకాశ్‌ని ఎదురుగా సార్ అంటారు, వెనకాల స్టాంపు సూర్యప్రకాశ్ అంటారు. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఆయన క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. పైపయినా, వాల్వయినా, బోల్టయినా, దాని మీద కొట్టిన స్టాంపు చదివి అది ఏ ఊళ్ళో పుట్టిందో, ఏ సంవత్సరం పుట్టిందో చెప్పేస్తాడు. ఆ కళ్ళు ఇంటికొచ్చినా ఊరుకోవు. ఒకసారి ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి, కొబ్బరికాయని తిరగేసి ఎక్స్‌పైరీ డేటు వెతికాడు. పురోహితుడు ఇప్పటికీ ఆయన్ని చూస్తే దారి మార్చుకుంటాడు.

అలాంటి మనిషికి ఇంట్లో ఒకే ఒక్క బాధ. ఆ బాధ పేరు జయరాముడు. స్వయానా మావగారు.

జయరాముడు గారు భార్య సీతాదేవిని తీసుకుని విజిట్ వీసా మీద కాకినాడ నుంచి కూతురి దగ్గరికి వచ్చి మూడు వారాలైంది. ఆ మూడు వారాల్లో, అల్లుడు ఆర్నెల్లుగా “రేపు చూస్తా” అంటున్న వంటింటి కుళాయి బాగైపోయింది. బాల్కనీ తలుపు కిర్రుమనడం మానేసింది. ఇక ఆయన భార్య వాణి నోట్లోంచి ఏ మాట వచ్చినా దాని ముందు ‘మా నాన్నయితే’ అనే రెండు మాటలు వచ్చేవి.

“ఏవండీ, టీ చల్లారిపోతోంది.”

“పంచదార ఎక్కువైందే.”

“మా నాన్నయితే ఉప్పేసిచ్చినా బావుందమ్మా అని తాగేస్తారు.”

“ఉప్పునీళ్ళు బాగుచెయ్యడం నా ఉద్యోగం. అవి తాగడం మీ నాన్న గొప్పతనం!”

“అదేనండీ తేడా. మీకు తప్పు కనపడుతుంది, మా నాన్నకి మనిషి కనపడతాడు.”

ఇలాంటి మాట రోజుకి నాలుగుసార్లు పడుతుంటే ఏ అల్లుడు తట్టుకుంటాడు చెప్పండి! డిఫెక్టు లేని సరుకు ప్రపంచంలో లేదని, ఉన్నదల్లా చేతకాని ఇన్‌స్పెక్టర్లేనని సూర్యప్రకాశ్ గట్టి నమ్మకం. మావగారిలో ఒక్క లోపం పట్టుకోవాలి. పెద్దదేం అక్కర్లేదు, చిన్న గీత చాలు. అది చూపించి, “ఇదిగో మీ నాన్న” అని ఒక్కసారి అనేసి జన్మంతా హాయిగా టీ తాగాలి. అంతే ఆయన కోరిక.

ఆ అవకాశం బుధవారం సాయంత్రం స్టోర్‌రూమ్ అటక మీంచి దిగింది.

అమ్మావాళ్ళు ఖర్జూరాలు, బాదం పప్పు పట్టుకెళ్ళాలి, పాత సూట్‌కేసు దించి దులపమంది వాణి. అది గోధుమరంగు రెక్సిన్ సూట్‌కేసు. ఎనభై ఒకటి నుంచి ఎనభై తొమ్మిది దాకా జయరాముడు గారు ఇక్కడే, మస్కట్‌లోని మత్రా బజారులో ఒక సేఠ్ బట్టల కొట్లో పనిచేశారు. భార్యని కాకినాడలో ఉంచి తొమ్మిదేళ్ళు ఒంటరిగా బతికారు. అప్పటి పెట్టె అది. రెండువేల అయిదులో అల్లుడు మొదటిసారి మస్కట్ బయల్దేరుతుంటే చేతిలో పెట్టారు.

సూర్యప్రకాశ్ దాన్ని దులిపాడు. లోపలి గుడ్డ ఒక మూల కుట్టు ఊడి ఉంది. ఊడిన చోట వేలు పెట్టకుండా ఉండలేడు కదా, పెట్టాడు. ఏదో మెత్తగా తగిలింది. లాగాడు. కాగితం పొట్లం. విప్పాడు.

“రామ రామ రామ!”

పొట్లంలో ఉన్నది ఆడవాళ్ళు లోపల వేసుకునేది. ఊదారంగు. చుట్టూ లేసు. మధ్యలో చిన్న రిబ్బను పువ్వు. ఇంట్లో తీగ మీద ఆరే తెల్లటి కాటన్‌వి తప్ప ఇంకో రకం ఉంటుందని కూడా ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. వంటింట్లోంచి పట్టకారు తెచ్చుకుని, తలుపు గడియ పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, ఇన్‌స్పెక్షన్ మొదలుపెట్టాడు.

వెనక పట్టీ లోపల అచ్చు కనిపించింది. పైన ఏదో ఫ్రెంచి పేరు. కింద పెద్దగా 85, పక్కన B.

పైపుల మీద ముప్ఫై రకాల స్టాంపులు చదివినవాడికి ఇదో లెక్కా! ఎనభై అయిదంటే పంతొమ్మిది వందల ఎనభై అయిదు. బి అంటే రెండో బ్యాచ్. దాని కింద వరసగా బొమ్మలున్నాయి. నీళ్ళతొట్టి బొమ్మ అంటే నీటిపరీక్ష నెగ్గింది. కొట్టేసిన త్రికోణం అంటే నిప్పుకి దూరంగా ఉంచాలి. సున్నా అంటే వాల్వు. వాల్వు ఎక్కడుందా అని రెండువైపులా తిప్పి చూశాడు. దొరకలేదు. ఊడిపోయి ఉంటుందనుకున్నాడు.

ఎనభై అయిదులో ఈ పెట్టె ఎవరిది? మావగారిది. అప్పుడాయన ఎక్కడున్నారు? మత్రాలో. ఒంటరిగా! అత్తగారికి ఇవ్వకుండా, గుడ్డ కోసి, లోపల దాచి, మళ్ళీ కుట్టి!

“హమ్మ హమ్మ, జయరాముడు గారూ!” అన్నాడు సూర్యప్రకాశ్. అని, చాలా రోజుల తర్వాత ఈల వేశాడు.

గురువారం ఆఫీసులో కూర్చుని పద్ధతిగా రిపోర్టు రాశాడు. ముద్దాయి చెప్పబోయే సాకులన్నీ తనే ముందుగా ఊహించి, ఒక్కొక్క దానికి తాళం వేశాడు. మర్చిపోయానంటే ఒప్పుకునేది లేదు, ఇలాంటిది ఎవరూ మర్చిపోరు. ఫ్రెండు ఇచ్చిన పార్సిలంటే ఒప్పుకునేది లేదు, ఫ్రెండు పార్సిలుని ఎవరూ గుడ్డ కోసి దాచరు. నాకేం తెలియదంటే అసలే ఒప్పుకునేది లేదు, పెట్టె ఎవరిదో పాపం వాడిదే. శిక్ష, అందరి ముందూ భార్యకి క్షమాపణ చెప్పడం. చివర సంతకం పెట్టి, అలవాటుగా స్టాంపు కూడా కొట్టాడు.

పాప ఇండియాలో హాస్టల్లో ఉంది కాబట్టి, శుక్రవారం మధ్యాహ్నం నలుగురే భోజనానికి కూర్చున్నారు. వంజరం పులుసు ఘుమఘుమలాడుతోంది. సూర్యప్రకాశ్ గొంతు సవరించుకుని, టిఫిన్ క్యారియర్ మూత తీసి, పట్టకారుతో ఆ ఊదారంగు వస్తువుని ఎత్తి, పేపరు పరిచి, సరిగ్గా చారు గిన్నె పక్కన పెట్టాడు.

సీతాదేవి గారి చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. “అయ్యయ్యో! అన్నం దగ్గర అదేంటి బాబూ!”

వాణి ముఖం తెల్లగా పాలిపోయింది. “ఏవండీ! మతిపోయిందా మీకు? తియ్యండి ముందు!”

“తియ్యను. ఇది మీ నాన్నగారి పెట్టెలో దొరికింది.”

వాణి ఆ వస్తువుని మళ్ళీ చూసింది. ఈసారి కాస్త ఎక్కువసేపు చూసింది. ఏదో అనబోయి నోరు మూసుకుంది. దెబ్బ తగిలిందిలే అనుకుని మన ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి రిపోర్టు చదివాడు. నీటిపరీక్షతో సహా చదివాడు.

జయరాముడు గారు నోరు తెరిచినవారు తెరిచినట్టే ఉండిపోయారు. “నాకు తెలీదు అల్లుడుగారూ. ఒట్టు.”

“మూడో సాకు మావయ్యగారూ. దానికి జవాబు రెండో పేజీలో ఉంది.”

“సీతా, నిన్ను చూసిన ఈ కళ్ళతో ఇంకోళ్ళని చూశానంటే…”

సీతాదేవి గారు చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. వెనకాలే వాణి వెళ్ళింది. లోపల్నించి వెక్కిళ్ళు వినిపించాయి. ముందు ఒకరివి, తర్వాత ఇద్దరివీ.

అప్పుడు దడ పుట్టింది సూర్యప్రకాశ్‌కి. గీత పడాలనుకున్నాడు గానీ గోడ కూలాలనుకోలేదు. నలభై తొమ్మిదేళ్ళ కాపురం! పులుసు ముక్క ముందు పెట్టుకుని ఆ పెద్దాయన ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నారు. సూర్యప్రకాశ్ తన పళ్ళెం పక్కకి నెట్టేశాడు. పోనీ వెనక్కి తీసుకుందామా అంటే స్టాంపు కొట్టేశాడు.

పావుగంటకి వాణి బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “అమ్మ టికెట్ మార్చమంటోంది. రేపే వెళ్ళిపోతుందట.”

“అయ్యో, అదేంటే! నేనేదో మాటవరసకి…”

“మాటవరసకి సంతకం పెడతారా ఎవరైనా? ఇప్పుడిక ఒకటే దారి. మత్రాలో బిల్కీస్ ఆపా ఉంది. నలభై ఏళ్ళుగా తన కొట్లో ఇవే అమ్ముతోంది. ఏది ఏ కాలందో పట్టుకు చూసి చెప్పేస్తుంది. ఆవిడ కూడా ఎనభై అయిదు అందంటే నేను జన్మలో మా నాన్న పేరెత్తను.”

“కాదంటే?”

“పెట్టె ఎవరిదో పాపం వాడిదే అని రాశారుగా. ఆ ప్రకారమే.”

దానికి సూర్యప్రకాశ్ ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకోడు, సంవత్సరం అచ్చేసి ఉంటేనూ!

శుక్రవారం కదా, సాయంత్రం నాలుగున్నర దాటితే గానీ మత్రాలో కొట్లు తెరవరు. అందాకా ఆగి, నలుగురూ ఒకే కారులో, ఒకే నిశ్శబ్దంతో వెళ్ళారు. టిఫిన్ క్యారియరు సూర్యప్రకాశ్ ఒళ్ళోనే ఉంది.

బిల్కీస్ కొట్టు బజారు సందులో అరచెయ్యంత ఉంటుంది. ఆవిడ హైదరాబాదు మనిషి. కుర్చీలో కూర్చుంటే కొట్టు నిండిపోతుంది. క్యారియరు మూత తీసి చూసి ఉలిక్కిపడింది.

“తౌబా తౌబా! ఇది తినే డబ్బా కదా సాబ్! దీంట్ల పెట్టినవా?”

“అది వదిలెయ్యండి. పంతొమ్మిది వందల ఎనభై అయిదు, బ్యాచ్ బి. అవునా కాదా, అదొక్కటి చెప్పండి.”

బిల్కీస్ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. “ఎనభై అయిదు సాల్ అని నీకెవరు చెప్పిన్రు?”

“స్టాంపుంది కదండీ.”

“అరె అల్లా! సాల్ కాదయ్యా, సైజు! ఫ్రెంచోళ్ళ లెక్క. ఎనభై అయిదంటే ఒంటి చుట్టుకొలత, బి అంటే కప్పు. నీకు పెండ్లయిందా సాబ్?”

“ఇరవై ఏళ్ళయింది,” అంది వాణి పక్కనుంచి.

సూర్యప్రకాశ్ చెవులు వేడెక్కాయి. “సైజైతే సైజు. అంతమాత్రాన అప్పటిది కాదని రుజువేంటి?”

“ఆగు, చూపిస్తా.” బిల్కీస్ కింది సొరుగులోంచి పసుపుబారిన అట్టపెట్టె తీసి, అందులోంచి ఇంకోటి బయటపెట్టింది. “ఇదీ నిజంగ ఆ కాలందే. మా అమ్మీ ఉన్నప్పటి సరుకు, అమ్ముడుపోలే. దీని చీటీ చూడు, పట్టుదారంతో నేసి, నాలుగు దిక్కుల కుట్టిన్రు. నీదానికి చీటీనే లేదు, గుడ్డ మీదనే ఇస్త్రీ పెట్టి అచ్చేసిన్రు. ఒంటికి గుచ్చుకోవద్దని చీటీ తీసేసుడు మొన్న మొన్న మొదలైంది. దీని కప్పు చూడు, మూడు ముక్కలు కలిపి కుట్టి ముందుకి సూదిలెక్క ఉంది. నీది ఒకటే ముక్క. అచ్చులో పెట్టి వేడి చేసి ఒంపు తెచ్చిన్రు. కుట్టు దొరుకుతదా? వెతుకు.”

సూర్యప్రకాశ్ వెతకలేదు. వెతికే ధైర్యం లేదు. సందులో అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు ఆగి చూస్తున్నారు.

“హుక్కులు?” అన్నాడు నీరసంగా. లోహం విషయంలో తనకి అనుభవం ఉందని ఆయన ఆఖరి ఆశ.

“దీనివి ఉత్త ఇనుపవి, తుప్పు పట్టినయి. నీవాటికి పైన ప్లాస్టిక్ పూత ఉంది. ఇగ రబ్బరు.” పాతదాని పట్టీ లాగింది. అది పటపటమని అప్పడంలా విరిగి పొడి రాలింది. కొత్తదాని పట్టీ లాగి వదిలింది. అది చక్కగా ఎగిరి వెళ్ళి సూర్యప్రకాశ్ ముక్కుకి తగిలింది. “చూసినవా? నలభై ఏళ్ళయితే ఈ ఎండకి ఇట్ల ఎగురుతదా?”

“మరి… నీటిపరీక్ష బొమ్మ?”

“అది చేత్తో ఉతుకమని!”

“త్రికోణం?”

“బ్లీచింగ్ పోయొద్దని! ఇవన్నీ ఆపు గానీ, ఇది చదువు.” భూతద్దం ఇచ్చి, హుక్కుల పట్టీ కింద చీమ తలకాయంత అక్షరాలు చూపించింది.

సూర్యప్రకాశ్ చదివాడు. డబ్ల్యూ, డబ్ల్యూ, డబ్ల్యూ, చుక్క.

“ఎనభై అయిదులో మీ మావ ఇంటర్నెట్ల కొన్నాడా సాబ్? ఇది రెండువేల ఎనిమిది, తొమ్మిది సరుకు. నేనే అమ్మిన ఇసొంటివి.”

రెండువేల తొమ్మిదిలో ఆ పెట్టె ఎవరిదో అక్కడున్న నలుగురికీ తెలుసు. అందరికంటే బాగా పెట్టె మోసినవాడికి తెలుసు. అందరూ ఆయన వైపు తిరిగారు.

“నా… నాకేం తెలీదు వాణీ!”

“మూడో సాకు. రెండో పేజీ,” అంది వాణి.

“పోనీ, మర్చిపోయానేమో…”

“ఇలాంటిది ఎవరూ మర్చిపోరు.”

“ఎవరైనా ఫ్రెండు పార్సిలు…”

“గుడ్డ కోసి దాచరు.”

సూర్యప్రకాశ్ వేసిన తాళాలన్నీ బయటినుంచి పడ్డాయి, లోపల తనే ఉన్నాడు. నిజంగా ఏం తెలియదు. ఎంత గింజుకున్నా ఏమీ గుర్తు రావట్లేదు. మనిషికి తెలియకుండా మనిషి తప్పు చేస్తాడా అని కూడా ఒక క్షణం అనుమానం వచ్చింది. “ఒట్టే, మా అమ్మ మీద ఒట్టు! వాణీ, నువ్వు నమ్మకపోతే నేనెక్కడికి పోనే!” అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు జయరాముడు గారు ముందుకొచ్చి అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు.

“అమ్మా వాణీ, అది నాదే. ఒప్పుకుంటున్నాను. ఎనభై అయిదులో నేనే కొన్నాను. అల్లుడుగారిని ఏమీ అనకు. పదండి ఇంటికి.”

సూర్యప్రకాశ్ బిత్తరపోయాడు. మధ్యాహ్నం ఒట్టు పెట్టి కాదన్న మనిషి! కాదని రుజువైన అయిదు నిమిషాలకి, తన పరువు కాపాడ్డానికి, కట్టుకున్న భార్య ఎదురుగా నెత్తిన వేసుకుంటున్నాడు! ఇంతకంటే ఆయన తనని చెప్పుచ్చుకు కొట్టినా బాగుండేది.

“నాన్నా, మీరూరుకోండి,” అంది వాణి. “అది మీదీ కాదు, ఈయనదీ కాదు.”

“మరెవరిది?” అన్నారు మావా అల్లుళ్ళు ఒక్కసారే.

“నాది.”

సీతాదేవి గారు కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగారు. ఆవిడ భుజాలు నవ్వుతో ఊగిపోతుంటే, మధ్యాహ్నం తలుపు వెనకాల వినిపించిన వెక్కిళ్ళు ఏ జాతివో సూర్యప్రకాశ్‌కి అప్పుడర్థమైంది.

“నీదా? మరి… మరి దాచడం దేనికే?”

“ఎందుకా? నేనిక్కడికొచ్చిన కొత్తలో ఒక లేసుది కొనుక్కున్నాను. గుర్తుందా? మీరు పట్టుకు చూసి, ‘ఇదేంటి, దోమతెర ముక్కా? ఇందులో లోడు తీసుకునేది ఏదీ?’ అని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ ఇంకోటి కొనుక్కున్నాను, మీకు చూపించాలనిపించలేదు. ఆ పెట్టె లోపలి గుడ్డ చాటున పెట్టి కుట్టేశాను. తర్వాత పాప కడుపున పడింది, ఒళ్ళు మారింది, నేనూ మర్చిపోయాను, అది అక్కడే ఉండిపోయింది. చారు గిన్నె పక్కన పెట్టగానే పోల్చుకున్నాను. మా అమ్మకి గదిలోకెళ్ళి చెప్పేశాను. మా నాన్నని బోనెక్కించారు కదా, మిమ్మల్నీ ఒక్క పూట ఎక్కిద్దామని ఊరుకున్నాను.”

“అయ్యో వాణీ…”

“మీరు నన్ను అనుమానించలేదు, సంతోషమే. కానీ ఇరవై ఏళ్ళ కాపురంలో అది నాదై ఉంటుందని మీకు తోచను కూడా లేదు చూశారూ, అదండీ నాకు కష్టంగా ఉంది.”

సూర్యప్రకాశ్, తన రిపోర్టులో రాసిన శిక్ష ప్రకారం, బజారు మధ్యలో రెండు చేతులూ జోడించి, ముందు భార్యకి, తర్వాత అత్తగారికి, ఆఖరికి మావగారికి క్షమాపణ చెప్పాడు. మావగారు ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశారు.

“బిల్కీస్ గారూ,” అన్నాడు పశ్చాత్తాపంతో, “మా ఆవిడకి అలాంటిదే కొత్తది ఒకటి ఇవ్వండి.”

“ఇస్తా. సైజు?”

“ఎనభై అయిదు, బి.”

“అరె, అది బిడ్డ పుట్టకముందు సైజు సాబ్! ఇప్పటిది చెప్పు.”

సూర్యప్రకాశ్ బుర్ర గోక్కున్నాడు. పక్కన జయరాముడు గారు చిన్నగా దగ్గి, “అమ్మా, మా ఆవిడకీ రెండివ్వు. ముప్ఫై ఎనిమిది, కాటన్‌వే. హుక్కులు ముందుకుండాలి, తనకి భుజం నొప్పి, చెయ్యి వెనక్కి పోదు,” అన్నారు. సీతాదేవి గారు “ఛీ, ఏంటా మాటలు, అల్లుడి ముందు!” అని చేతిసంచితో ఒకటి వేశారు. వేసి, సంచిలోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు.

“వాణీ,” అన్నాడు సూర్యప్రకాశ్ మెల్లిగా, పెన్ను తీసి. “చెప్పవే. రాసుకుంటాను.”

వాణి అటూ ఇటూ చూసి ఆయన చెవిలో చెప్పింది.

ప్లాంటులో మోటార్ల హోరుకి చెవులు గళ్ళుపడతాయి. అక్కడ ఒకరు రీడింగు చెబితే రెండోవాడు దాన్ని గట్టిగా తిరిగి చెప్పి తీరాలి. అదక్కడి రూలు. ఇరవై ఏళ్ళుగా ఆ రూలు పాటించిన నోరు ఆయన్నడక్కుండానే తెరుచుకుంది.

“తొంభై అయిదు, సి! కన్‌ఫర్మ్!”

సందంతా ఆగిపోయింది. ఎదురుకొట్లో సాంబ్రాణి తూచే ముసలాయన త్రాసు గాల్లో ఆగింది. ఓడ దిగి బజారు చూడ్డానికొచ్చిన దొరలు కూడా ఆగారు. జయరాముడు గారు గబుక్కున గోడ వైపు తిరిగి, అక్కడేమీ లేకపోయినా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. వాణి ముఖం మీద కొంగు కప్పుకుని సముద్రం రోడ్డు వైపు విసవిసా నడిచింది.

“సాబ్!” వెనకాల నుంచి బిల్కీస్ కేకేసింది. “సైజు తెలిసింది, రంగు? ఆమెకి ఏ రంగంటే ఇష్టం?”

సూర్యప్రకాశ్ టిఫిన్ క్యారియరు చంకలో పెట్టుకుని, అడగడానికి భార్య వెనకాల పరిగెత్తాడు.